కుట్టుగదికి తాళం

“ఆ గదిలోంచి మంట లేస్తే నేను ఏ కిటికీలోంచి దూకాలో ముందే చెప్పురా,” అంది అర్లీన్.

గారెట్ అప్పటికి ఇంకా ఏ సామానూ తేలేదు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, కరెంటు బిల్లు కవరు వెనక కుట్టుగది కొలతలు రాసుకుంటున్నాడు. తొమ్మిదడుగుల పొడుగు, ఎనిమిదడుగుల వెడల్పు, ఒకే కిటికీ.

“మంట లేవదమ్మా.”

“లేస్తే?”

“లేస్తే వంటింటి తలుపే దగ్గర. దూకక్కర్లేదు, నడిచే వెళ్ళొచ్చు.”

“మీ నాన్న ముప్ఫై ఏళ్ళు వేటకెళ్ళాడు. ఏడాదికో పెట్టె తూటాలు కొట్లో కొనుక్కున్నాడు. ఒక్కనాడూ ఇంట్లో వండలేదు.”

“వండడం కాదు. పేల్చేసిన ఇత్తడి గొట్టాల్లో మళ్ళీ మందు నింపుకోవడం. ఈ లోయలో సగం మంది చేసే పనే. ఆర్విడ్ నలభై ఏళ్ళుగా చేస్తున్నాడు, పది వేళ్ళూ ఉన్నాయి.”

“తొమ్మిదిన్నర.”

“ఆ సగం గడ్డి మోపులు కట్టే మిషన్లో పోయింది.”

“పోయిందా లేదా?”

గారెట్ నవ్వీ నవ్వనట్టు మొహం పెట్టి, పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు. “టెస్‌కి పన్నెండు నిండాయి. ఈ ఏడే తొలి వేట. నాన్న రైఫిల్ తన్నుకి దాని భుజం ఆగదు. మందు తగ్గించి దానికి తగ్గట్టు నేనే చేసుకోవాలి. కొట్లో అలాంటివి దొరకవు.”

టెస్ పేరు చెప్తే నాయనమ్మ కాదనదని వాడికి తెలుసు. అందుకే ఆ పేరు తెచ్చాడేమో అని అర్లీన్‌కి అప్పుడే అనుమానం తగిలింది. కానీ ఏం కాదనగలదు? ఊఁ అంది.

అర్లీన్‌కి భయపడడం కొత్త కాదు. ఇరవై ఆరేళ్ళు బడి వంటగదిలో పనిచేసింది. ఏ పిల్లాడి గొంతులో ఏ ముక్క అడ్డుపడుతుందోనని రోజూ చివరి బల్ల దాకా చూస్తూ నిలబడేది. భర్త రోయ్ బతికున్నప్పుడు, మా ఆవిడకి మంచినీళ్ళ గ్లాసులో కూడా పొగ కనిపిస్తుందని అందరిలో అనేవాడు. ఆమె కూడా నవ్వేది. ఆ భయాలన్నీ పైకి చెప్పుకోదగ్గవి. మే నెల నుంచి ఉన్న భయం మాత్రం నోటితో అనలేనిది.

మే నెలలో గారెట్ రెండు పెట్టెలు, ఒక కాఫీ కెటిల్ పట్టుకుని బిల్లింగ్స్ పట్నం నుంచి ఇంటికొచ్చాడు. భార్య డానా విడిపోయింది, పిల్ల డానా దగ్గరే ఉంది. ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి మళ్ళీ తన చిన్నప్పటి మంచం మీద పడుకుంటున్నాడు. కౌంటీ రోడ్ల మీద కంకర పరిచే పనికి వేళకి వెళ్తాడు, వేళకి వస్తాడు, పెట్టింది తింటాడు. అయితే ఏదైనా అడిగితే జవాబు రావడానికి మునుపటి కన్నా కాస్త ఎక్కువసేపు పట్టేది. ఇంకెవరూ గమనించరు. కన్నది కనుక ఆమె గమనించింది.

ఇలాంటివి ఎటు పోతాయో ఆమెకి తెలుసు. చర్చి కింది గదిలో అంత్యక్రియల తర్వాత కాఫీ పోసేది ఆమే. “తుపాకి శుభ్రం చేస్తుంటే పేలిందట,” అని ఒకరు చెప్పడం, ఎవరూ నమ్మకపోయినా అందరూ తల ఊపడం మూడుసార్లు చూసింది. మూడోసారి తనూ తల ఊపింది. పోయినవాడి తల్లి చేతిలో కాఫీ కప్పు పెట్టి, చక్కెర ఎంత అని అడిగింది.

గది సర్దడానికి రెండు వారాలు పట్టింది. మొదట కుట్టుమిషన్ నడవలోకి వచ్చింది. తర్వాత గారెట్ మోకాళ్ళ మీద కూర్చుని తివాచీ పీకేశాడు.

“అదేం పాపం చేసిందిరా?”

“మందు పలుకు కింద పడితే తివాచీలో దొరకదమ్మా. నేల నున్నగా ఉంటే ఊడ్చి పారేయొచ్చు. అన్నట్టు, ఈ గదిలో ఎప్పుడూ ఆ వాక్యూమ్ మిషన్ పెట్టకు. చీపురే. అందులో నిప్పురవ్వ పుడుతుంది.”

నున్నటి నేల దేన్నైనా తుడవడానికి వీలుగా ఉంటుంది. ఆ ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందో అర్లీన్‌కి తెలియదు. వంటింట్లోకి వెళ్ళి రెండు గ్లాసుల నీళ్ళు తాగింది.

మర్నాడు గదిలోని చిన్న హీటరు బయటికి తెచ్చి పెట్టాడు. మందు డబ్బాలున్న చోట ఎర్రగా కాలే తీగలు ఉండకూడదట.

“మరి చలికాలం అందులో ఎలా కూర్చుంటావు?”

గారెట్ హీటరు తీగ చివరిదాకా చుట్టి ముడేశాడు. “చలికాలం సంగతి అప్పుడు చూద్దాం,” అన్నాడు.

ఆ రాత్రి ఆమె ఆ మాటనే తిప్పి తిప్పి చూసుకుంది. మోంటానాలో పుట్టి పెరిగినవాడు, సెప్టెంబరులోనే కట్టెలు పేర్చుకునేవాడు, చలికాలం సంగతి అప్పుడు చూద్దాం అంటాడా? అప్పటికి ఉంటాననుకుంటున్నాడా?

ఆర్విడ్ ఇచ్చిన పాత కొట్టం తలుపు ఒకటి తెచ్చి బల్లగా వేశాడు. మోచేత్తో గుద్దినా కదలకుండా గోడలోని కర్రలకి మరలు బిగించాడు. దాని మీద పొడుగు పిడి ఉన్న ఇనుప ప్రెస్సు. ఆవగింజ బరువైనా తెలిసే బుల్లి త్రాసుకి మాత్రం బల్ల మీద చోటివ్వలేదు. ప్రెస్సు అదురు తగలకూడదని దానికి గోడకి వేరే చెక్క కొట్టాడు. మందు డబ్బాలు పై అరలో పెట్టాడు. తూటా అడుగున బిగించే నిప్పుబిళ్ళలు ఎదురు గోడ సొరుగులో. రెంటినీ దగ్గర పెట్టడట. బల్ల మీదికి ఎప్పుడూ ఒకే మందు డబ్బా రావాలట, రెండుంటే చెయ్యి పొరపడుతుందట. ఇదంతా గోడకి చెప్పినట్టు చెప్పుకుంటూ సర్దాడు. రోయ్‌కి వస్తువు పెట్టిన చోట ఉండేది కాదు. కొడుకు ఇంత పొందిగ్గా సర్దుతుంటే ఏ తల్లైనా మురిసిపోవాలి. ఊరు వదిలి పోయేవాళ్ళు కూడా ఇలాగే సర్దుతారు కదా అనుకుంది అర్లీన్.

చివరికి తలుపుకి తాళం. తాళంతో వచ్చిన అట్ట మీద రెండు తాళంచెవులు ఉండడం ఆమె కళ్ళారా చూసింది. ఒకటి గారెట్ బెల్టుకి వేలాడింది. రెండోది మళ్ళీ కనబడలేదు.

“మనిద్దరమే కదరా ఉండేది. తాళం ఎవరికి?”

“టెస్ వస్తుంది కదమ్మా.”

మళ్ళీ టెస్. టెస్ వచ్చేది నెలకి రెండు రోజులు.

ఆపైన ఎర్ర చేతిగుడ్డ వచ్చింది. తలుపు పిడికి అది కట్టి ఉంటే తను లెక్కలో ఉన్నట్టు, పిలిచినా పలకనని చెప్పాడు. “మాట్లాడితే లెక్క తప్పుతుంది. మందు పోసేటప్పుడు లెక్క తప్పితే ఒకే గొట్టంలో రెండుసార్లు పడుతుంది. అలాంటిది టెస్ మొహం దగ్గర పేలకూడదు కదా. ముందే అలవాటు చేసుకుంటున్నా.”

“పలక్కపోతే నువ్వు బాగున్నావని నాకెలా తెలుస్తుంది?”

“బాగానే ఉంటానమ్మా.”

రోజూ సాయంత్రం భోజనమయ్యాక తలుపు పిడికి గుడ్డ వచ్చేది. అర్లీన్ గిన్నెలు కడిగి నడవలో నిలబడేది. లోపల ప్రెస్సు పిడి కిందికి దిగినప్పుడు గర్రుమని, పైకి లేచినప్పుడు టక్కుమని వినిపించేది. ఆ టక్కు వినిపించినంతసేపూ ఆమె ఊపిరి ఆడేది. ఒకరోజు ఎంతసేపటికీ చప్పుడు లేదు.

“గారెట్.”

తలుపు మీద వేలితో తట్టింది.

“గారెట్, నాయనా.”

తలుపు తెరుచుకుంది. ముక్కు మీద కళ్ళద్దాలతో, చేతిలో ఇత్తడి గొట్టంతో నిలబడ్డాడు. “గుడ్డ కట్టాను కదమ్మా. గొట్టాలు తూచి వేరు చేస్తున్నా.”

“ఉతికిన మేజోళ్ళు తెచ్చాను.”

అతను ఆమె చేతిలోకి చూశాడు. “ఇవి టెస్‌వి.”

“మరి నువ్వే దాచిపెట్టు,” అని అతని చేతిలో పెట్టి వచ్చేసింది.

ఇంతలో గారెట్ బుధవారాలు ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. అడిగితే పక్క పట్నంలో బండి టైర్లు చూపిస్తున్నానన్నాడు. నాలుగు టైర్లకి నాలుగు బుధవారాలా అని ఆమె మనసులోనే లెక్కపెట్టుకుంది.

తుపాకుల అలమర తెరవాలని ఆమెకి ఎందుకు తోచిందో, తోచడానికి అన్ని రోజులు ఎందుకు పట్టిందో చెప్పడం కష్టం. నడవ చివర రోయ్ చేసిన చెక్క అలమర అది. అతను పోయాక ఆమె దాని మీద దుమ్ము తుడిచిందే తప్ప తలుపు తీయలేదు. శనివారం గారెట్ కొండ దారిన రాళ్ళు దొర్లితే తీయడానికి పనికి వెళ్ళాడు. ఆమె చక్కెర గిన్నె అడుగునుంచి తాళంచెవి తీసి అలమర తెరిచింది. నూనె వాసన, రోయ్ నారింజ రంగు వేట టోపీ. రైఫిల్ లేదు. పక్షుల వేటకి వాడే తుపాకీ లేదు.

అయితే రెండూ ఆ గదిలోనే ఉండాలి.

ఉతకడానికి వేసిన గారెట్ జీన్సు జేబులో బెల్టు తాళంచెవి ఉంది. అర్లీన్ తన సొంత కుట్టుగదిలోకి దొంగలా వెళ్ళింది. బల్ల కింద చూసింది, అరల వెనక చూసింది, కిటికీ తెర వెనక కూడా చూసింది. తుపాకులు లేవు. బల్ల మీద యాభై గుంటలున్న చెక్క పలక ఉంది. ప్రతి గుంటలోనూ ఒక ఇత్తడి గొట్టం తలకిందులుగా నిలబెట్టి ఉంది. అన్నీ ఖాళీవే.

త్రాసు పక్కన ఒక మాత్రల సీసా ఉంది. ఆమె రక్తపోటు మాత్రలదే. పైన పేరు కనబడకుండా తెల్ల టేపు అంటించి, దాని మీద గారెట్ అక్షరాలతో రాసి ఉంది: “నాన్నది. ముట్టొద్దు.”

లోపల ఒకే ఒక్క తూటా. పూర్తిగా చేసింది.

యాభై ఖాళీగా ఉండగా ఒక్కటి ఎందుకు పూర్తయింది? ఏ వేటగాడు ఒక్క తూటాతో అడవికి వెళ్తాడు? తండ్రి రైఫిల్‌కి ఒక్క తూటా. అర్లీన్ మూత తీయలేదు. తీసి ముట్టుకోవడానికి చేతులు ఒప్పుకోలేదు. సీసాని చేతిరుమాల్లో చుట్టి కోటు జేబులో వేసుకుంది. తలుపుకి తాళం పెట్టి, ఆర్విడ్ ఇంటికి నడిచింది.

ఆర్విడ్ పెరట్లో బంగాళాదుంపలు తవ్వుతున్నాడు. రోయ్‌తో కలిసి వేటకెళ్ళిన మనిషి. ఆమెని చూడగానే పార మట్టిలో గుచ్చి టోపీ సర్దుకున్నాడు.

“ఆర్విడ్, రోయ్ రైఫిల్ ఎక్కడుందో నీకు తెలుసా?”

“ఈసారి దుంపలు చూడు అర్లీన్. పిడికిలంత కూడా ఊరలేదు.”

“దుంపల సంగతి అడగలేదు.”

“పందికొక్కులు మాత్రం బాగా ఒళ్ళు చేశాయి.”

“ఆర్విడ్.”

“గారెట్‌ని అడుగు.”

“నిన్ను అడుగుతున్నా.”

“నేను మాటిచ్చాను,” అనేసి ఆర్విడ్ చేతిలోంచి గుడ్డు జారిపోయినవాడిలా నిలబడ్డాడు. “అంటే, నీకు దుంపలు ఇస్తానని. ఒక సంచి పట్టుకెళ్ళు.”

“నాకా? ఎప్పుడిచ్చావు మాట?”

“ఇప్పుడిస్తున్నాలే.”

అతను వంగి సంచి నింపుతుంటే అర్లీన్ అతని మెడ వెనక ఎండకి పగిలిన చర్మాన్నే చూస్తూ నిలబడింది. ఇద్దరు మగాళ్ళు కలిసి తన దగ్గర ఏదో దాస్తున్నారు. ఈ పని నేర్పింది ఈయనే, బల్ల చెక్క ఇచ్చింది ఈయనే. నలభై ఏళ్ళుగా ఎరిగిన మనిషి. రేపు చర్చి కింద కాఫీ పోస్తున్నప్పుడు ఇదే మనిషి, శుభ్రం చేస్తుంటే పేలిందట అని నలుగురికీ చెప్తాడా?

సంచి చేతికిచ్చాక ఆర్విడ్ వదల్లేదు. ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని నిలబడ్డారు.

“నువ్వు అడిగితే వాడు చెప్తాడు,” అన్నాడు. “కానీ అడిగాక నోరు మూసుకో. నీకు ఆగడం రాదు అర్లీన్. వాడు నోరు తెరిచేలోపు జవాబు కూడా నువ్వే చెప్పేస్తావు. రోయ్ ఉన్నప్పుడూ అంతే.”

“రోయ్ చెప్పేవాడు కాదు కాబట్టి.”

“నువ్వు చెప్పనిస్తే కదా.”

ఆ మాట ఇంకొకరు అని ఉంటే దుంపలు అక్కడే కుమ్మరించి వచ్చేసేది. సంచి భుజాన వేసుకుని ఇంటికొచ్చింది.

గారెట్ మూడింటికి వచ్చాడు. స్నానం చేశాడు. జీన్సు జేబు వెతుక్కుని, తాళంచెవి వంటింటి మేకుకి వేలాడుతుంటే చూశాడు, తీసుకుని గదిలోకి వెళ్ళాడు. అర్లీన్ బల్ల దగ్గర కూర్చుని దుంపల చెక్కు తీస్తోంది. లోపల సొరుగులు తెరుచుకోవడం, మూసుకోవడం వినిపించింది. మళ్ళీ తెరుచుకోవడం. బయటికి వచ్చాడు.

“అమ్మా, నా బల్ల మీద మాత్రల సీసా ఉండాలి. చూశావా?”

“నా మాత్రలు నా దగ్గరే ఉన్నాయి.”

“మాత్రలది కాదు. ఖాళీ సీసా. అందులో ఒక తూటా ఉంది.”

“యాభై ఉన్నాయి కదా చేసుకోవడానికి.”

“అది లేకపోతే ఆ యాభై సాగవమ్మా.” అతను ఆమె మొహం చూశాడు, తర్వాత కుర్చీకి తగిలించిన కోటు చూశాడు. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “ఇటివ్వు.”

ఆమె చేతిరుమాలు తీసి బల్ల మీద పెట్టింది, కానీ అరచెయ్యి దాని మీదనుంచి తీయలేదు. “ముందు ఇది ఎవరికో చెప్పు.”

“ఎవరికేంటి?”

“నాన్నదని రాశావు. ఒక్కటే చేశావు.”

గారెట్‌కి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక అతని మొహంలో రంగు పోయింది. మెల్లిగా ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ ఎత్తి సీసా తీసుకున్నాడు, మూత తిప్పి తూటాని అరచేతిలో వేసుకున్నాడు, దాని అడుగు ఆమె వైపు తిప్పాడు.

“చూడు. నిప్పుబిళ్ళ లేదు. ఉండాల్సిన చోట చిల్లే ఉంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపు.”

“నేను ముట్టను.”

అతనే ఆమె చెవి దగ్గర ఊపాడు. ఏమీ వినబడలేదు. లేచి వెళ్ళి, రోయ్ పెట్టెలో మిగిలిన, కొట్లో కొన్న తూటా ఒకటి తెచ్చి ఊపాడు. లోపల చక్కెర కదిలినట్టు సన్నగా గరగరలాడింది.

“ఇందులో మందుంది. దాంట్లో లేదు. అది పేలే తూటా కాదమ్మా, కొలత. నాన్న రైఫిల్‌కి గుండు గొట్టంలో ఎంత లోతున కూర్చోవాలో దీన్ని చూసే ప్రెస్సు సరిచేసుకుంటాం. ప్రతి రైఫిల్‌కీ ఒకటి చేసి దాచుకుంటారు. ముందు అదే చేయాలి. మిగతావన్నీ దాన్ని చూసి చేసేవే.”

“రైఫిల్ లేకుండా దాని కొలత ఎలా తెలిసింది?”

“ఆర్విడ్ కొట్టంలో కొలిచాం.”

“అక్కడెందుకు కొలిచారు?”

“రైఫిల్ అక్కడే ఉంది కాబట్టి.”

“పక్షుల తుపాకీ?”

“అదీ అక్కడే.”

అర్లీన్ కత్తి కింద పెట్టింది. “ఎప్పటినుంచి?”

“జూన్ నుంచి.”

“ఎందుకిచ్చావు?”

గారెట్ తూటాని బల్ల మీద నిలబెట్టాడు. దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

అర్లీన్ నోట్లో పది మాటలు తయారుగా ఉన్నాయి. శుభ్రం చేయడానికి ఇచ్చావు కదూ. మన అలమరలో తుప్పు పడతాయని కదూ. ఏదో ఒకటి అందిస్తే వాడు దాన్నే పట్టుకుని ఔనంటాడు, ఆమె తల ఊపుతుంది, చెక్కు తీయడం మళ్ళీ మొదలుపెడతారు. పెదవి లోపలి చర్మాన్ని పళ్ళ మధ్య పెట్టి నొక్కుకుంది. ఫ్రిజ్ గుర్రుమని ఆగిపోయింది. రోడ్డు మీద పశువుల బండి ఒకటి వెళ్ళింది, దాని చప్పుడు మలుపు దాకా వినబడి పోయింది. చెక్కు తీసిన దుంపలు గాలికి నల్లబడుతున్నాయి. నీళ్ళలో వేయాలి. ఆమె లేవలేదు. ఫ్రిజ్ మళ్ళీ మొదలైంది. గారెట్ బొటనవేలితో బల్ల మీద ఒక గీతని పైకీ కిందికీ రుద్దాడు. అతను చిన్నప్పుడు ఫోర్కుతో గీసిన గీత అది. ఆమె ఆ బొటనవేలునే చూస్తూ, నోరు తెరవకుండా కూర్చుంది.

“అవి ఇంట్లో ఉంటే నాకు భయమేసిందమ్మా,” అన్నాడు గారెట్ చివరికి. “నా మీద నాకే. జూన్‌లో ఒక ఆదివారం నువ్వు చర్చికెళ్ళావు. నేను ఆ అలమర ముందు చాలాసేపు కూర్చున్నాను. తర్వాత రెండూ దుప్పట్లో చుట్టి ఆర్విడ్ ఇంటికి తీసుకెళ్ళి, వీటిని నీ దగ్గర ఉంచు, నేను అడిగినా ఇవ్వకు అన్నాను. ఆయన ఎందుకని అడగలేదు. లోపల పెట్టి వచ్చి నాకు రెండు గుడ్లు వేయించాడు. వేటకి ఆయనే తెస్తాడు, ఆయనే పట్టుకుపోతాడు. బుధవారాలు టైర్ల కోసం కాదు, డాక్టర్ దగ్గరికి. ఇప్పుడు తగ్గింది. అంతా పోయిందని నీకు అబద్ధం చెప్పను. కానీ తగ్గింది. ఆ బల్ల దగ్గర కూర్చుంటే లెక్క తప్ప ఇంకేం తోచదు, అదీ మంచిదేనట. రెండో తాళంచెవి నీ కుట్టుమిషన్ సొరుగులో ఉంది. మొదటి రోజే పెట్టాను, ఎప్పుడు కావాలంటే అప్పుడు తలుపు తీసి చూస్తావని. నువ్వు కుట్టుకుంటావనుకున్నానమ్మా.”